ఖడ్గం మీద మూడక్షరాలు

బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ 2017 జూలైలో ఒక కత్తిని జనం ముందు పెట్టింది. ఒక పాత కుటుంబం ఇంటి అటక మీద దొరికిన కత్తి అది. లండన్‌లో తయారైంది. అలుగు మీద సన్నని నగిషీ, దానితోపాటు మూడు ఇంగ్లిషు అక్షరాలు: ఆర్, జీ, ఎస్. అమెరికా అంతర్యుద్ధ చరిత్ర చదివినవాళ్లంతా ఇక కనబడదని ఆశ వదులుకున్న కత్తి.

ఆ అక్షరాలు రాబర్ట్ గూల్డ్ షా పేరువి. 1863 జూలై 18న చీకటి పడే వేళ, సౌత్ కరోలినా తీరంలో ఫోర్ట్ వాగ్నర్ అనే ఇసుక కోట గోడ ఎక్కి ఆయన గుండు దెబ్బకు కూలిపోయాడు. అప్పటికి వయసు ఇరవై అయిదు. ఆయన వెనక గోడ ఎక్కుతున్నది 54వ మసాచుసెట్స్ పటాలం. ఉత్తరాది రాష్ట్రాలు నల్లజాతి మనుషులతో కూర్చిన తొలి పటాలాల్లో అదొకటి. అప్పట్లో దాన్ని నడిపించిన అధికారులంతా తెల్లవాళ్లు.

ఈ కత్తి గురించి చెప్పాలంటే దాన్ని పట్టినవాడి గురించి చెప్పాలి. అక్కడితో ఆగితే మాత్రం సగం కథే అవుతుంది. అలాంటి కత్తి నడుముకు కట్టుకునే హక్కు లేకుండా ఆయన వెంట నడిచినవాళ్ల గురించీ చెప్పాలి.

పాల్‌మాల్ వీధి పనితనం

ఆ రోజుల్లో సిపాయికి తుపాకీ, బాయొనెట్టు ప్రభుత్వ ఆయుధశాల నుంచి వచ్చేవి. అధికారి మాత్రం తన కత్తి తానే సంపాదించుకోవాలి. ఉద్యోగపు హుకుం చేతికి రాగానే తండ్రో మామో కొనిపెట్టేవారు. కొన్నిసార్లు ఊరివాళ్లు చందా వేసుకుని బహూకరించేవారు. అలా వచ్చిన కత్తి మీద పేరో, ఇంటి ముద్రో, పొడి అక్షరాలో వేయించడం రివాజు. యుద్ధంలో దానితో నరికేది తక్కువ. 1860ల నాటికే రైఫిళ్లూ ఫిరంగులూ యుద్ధం తీరును మార్చేశాయి. అయినా గందరగోళంలో మనుషులను ఒక దారిన పెట్టడానికి, "నా వెంట రండి" అని చూపడానికి అధికారి చేతిలో కత్తి ఉండాల్సిందే. శత్రువు తుపాకీ ముందుగా గురిపెట్టేదీ ఆ మెరుపు మీదనే.

షా కత్తి లండన్ పాల్‌మాల్ వీధిలోని విల్కిన్‌సన్ వారిది. తుపాకుల పనితో మొదలై 1840ల్లో కత్తుల వైపు మళ్లిన సంస్థ అది. అంతకుముందు బ్రిటిష్ అధికారుల కత్తులు వంగిపోతున్నాయనీ విరిగిపోతున్నాయనీ ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేవి. హెన్రీ విల్కిన్‌సన్ ఆ మాట పట్టించుకుని, ప్రతి అలుగునూ యంత్రానికి బిగించి వంచి, గట్టిగా కొట్టి, నిలిచినదాన్నే అమ్మడం మొదలుపెట్టాడు. పరీక్షకు నిలిచిందనడానికి గుర్తుగా పిడి దగ్గర అలుగులో చిన్న లోహపు బిళ్ల పొదిగేవారు. 1850ల నుంచి తమ మేలురకం కత్తుల వీపు మీద వరస సంఖ్య కూడా వేసి, దాన్ని పుస్తకంలో ఎక్కించేవారు.

అలుగు మీది పూలతీగ, అక్షరాలు చాలామంది అనుకున్నట్టు ఉలితో చెక్కినవి కావు. ఉక్కు మీద మైనం లాంటి పూత పూసి, కావలసిన రూపం మేరకు ఆ పూతను గీకి, ఆమ్లం పోస్తారు. పూత లేనిచోట ఉక్కు కొద్దికొద్దిగా తినిపోయి నగిషీ తేలుతుంది. లోతు వెంట్రుకవాసే. కత్తికి మరీ పదును పెట్టినా, తుప్పు వదిలించాలని గరుకు కాగితంతో గట్టిగా తోమినా ఆ నగిషీ చెరిగిపోతుంది. పాత కత్తులు ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట: మెరిపించాలనే ఆశతో రుద్దకండి. ఆ గీతలు పోతే కత్తి ఉంటుంది గాని దాని చరిత్ర పోతుంది. అటక మీద దొరికిన కత్తి ఫలానావారిదేనని తేల్చడానికి పనికొచ్చినవి ఆ పొడి అక్షరాలూ ఆ వరస సంఖ్యా, వాటికి సరిపోలిన లండన్ లెక్కలూనే.

వద్దన్నవాడే ఒప్పుకున్నాడు

షా 1837 అక్టోబర్ 10న బోస్టన్‌లో సంపన్నుల ఇంట పుట్టాడు. తండ్రి ఫ్రాన్సిస్, తల్లి సారా ఇద్దరూ బానిసత్వ నిర్మూలన కోసం గట్టిగా నిలబడ్డవాళ్లు. కొడుక్కి మొదట ఆ పట్టుదల లేదు. స్విట్జర్లాండ్‌లో, జర్మనీలో చదివాడు. హార్వర్డ్‌లో చేరి, 1859లో పట్టా తీసుకోకుండానే బయటికొచ్చి న్యూయార్క్‌లో బంధువుల వ్యాపారంలో కూర్చున్నాడు. 1861 ఏప్రిల్‌లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైంది. వెంటనే 7వ న్యూయార్క్ దళంలో ముప్ఫై రోజుల సేవకు వెళ్లాడు. ఆ గడువు తీరగానే 2వ మసాచుసెట్స్ పదాతి పటాలంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు.

ఆ పటాలంలోనే ఆయన సిసలైన సిపాయి అయ్యాడు. 1862 మేలో వించెస్టర్ దగ్గర ఒక గుండు వచ్చి జేబులోని గడియారానికి తగిలి ఆగిపోవడంతో ప్రాణం దక్కింది. ఆగస్టులో సీడర్ మౌంటెన్ దగ్గర కళ్లముందే స్నేహితులు పోయారు. సెప్టెంబర్ 17న యాంటీటమ్‌లో, ఇరుపక్షాలూ కలిపి దాదాపు 23 వేలమంది చనిపోయిన, గాయపడిన, జాడ తెలియకుండా పోయిన ఆ ఒక్క రోజున, ఆయన అక్కడున్నాడు. అప్పటికి కెప్టెన్. ఇంటికి రాసిన ఉత్తరాలు రెండు వందలకు పైగా మిగిలాయి. వాటిని చదివితే ఒక మంచి కుర్రవాడు కనిపిస్తాడు. తన వర్గానికి ఉన్న చిన్నచూపు కూడా అందులో దాపరికం లేకుండా కనిపిస్తుంది. నల్లవాళ్ల గురించి, ఐరిష్ వలసదారుల గురించి ఆయన వాడిన మాటలు కొన్ని చదవడానికి కష్టంగా ఉంటాయి.

1863 జనవరి 1న లింకన్ బానిస విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చి, నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకోవడానికి దారి తెరిచింది. మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ ఒక పటాలం లేవదీయాలనుకున్నాడు. దానికి నాయకుడిగా నిర్మూలనవాదుల ఇంటి బిడ్డ కావాలి, యుద్ధం చూసినవాడూ కావాలి. షా పేరు తట్టింది. ఆండ్రూ ఉత్తరం పట్టుకుని తండ్రే ఫిబ్రవరి చలిలో వర్జీనియా శిబిరానికి వెళ్లాడు. కొడుకు చదివి, ఆలోచించి, వద్దన్నాడు. తనకు అంత శక్తి లేదన్నాడు. తండ్రి తిరిగి బయల్దేరాక మనసు మార్చుకుని, ఒప్పుకుంటున్నానని తంతి కొట్టాడు.

షా జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ తటపటాయింపు. పుట్టుకతోనే అన్నీ తెలిసిన వీరుడిలా ఆయన్ని చూపితే ఆ తర్వాతి అయిదు నెలలకు విలువ లేకుండా పోతుంది. బోస్టన్ పక్కన రీడ్‌విల్‌లో శిక్షణ మొదలైంది. పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఒహాయో లాంటి చోట్ల నుంచి మనుషులు వచ్చారు: మంగళ్లు, నావికులు, కూలీలు, రైతులు, కొందరు చదువుకున్నవాళ్లు. నల్లజాతి నిర్మూలనవాద నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ తన ఇద్దరు కొడుకులు లూయిస్, చార్లెస్‌లను పంపాడు. కవాతు ఎంత త్వరగా పట్టుకున్నారో, కాపలా ఎంత బాధ్యతగా కాస్తున్నారో చూసి షా ఆశ్చర్యపడుతూ ఇంటికి రాశాడు. ఆ ఆశ్చర్యంలో పాత చిన్నచూపు ఛాయ ఉంది. అది కరుగుతున్న జాడ కూడా అందులోనే ఉంది. వసంతం వచ్చేసరికి "ఆ మనుషులు" పోయి "మా వాళ్లు" అయ్యారు.

మే 2న ఆనీ హాగర్టీని పెళ్లాడాడు. మే 28న వెయ్యిమందికి పైగా ఉన్న ఆ పటాలం బోస్టన్ వీధుల గుండా నడిచి రేవుకు చేరి దక్షిణాదికి ఓడ ఎక్కింది. దానికి నాలుగు వారాల ముందే దక్షిణాది కాంగ్రెసు ఒక తీర్మానం చేసింది. నల్ల సైనికులను నడిపిస్తూ పట్టుబడే తెల్ల అధికారికి మరణశిక్ష విధించవచ్చని దాని సారం. ఓడ ఎక్కినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

ఏడు డాలర్ల జీతం

దక్షిణాదిలో తొలి అనుభవమే చేదైంది. జూన్ 11న జార్జియాలోని డేరియన్ అనే ఊరిని, ఎదురు తిరిగినవారెవరూ లేకపోయినా, తగలబెట్టమని పైఅధికారి కర్నల్ మాంట్‌గోమరీ ఉత్తర్వు ఇచ్చాడు. షాకు అది సైనికుల పని అనిపించలేదు. తన దళంలో ఒక కంపెనీతో సరిపెట్టి, తర్వాత ఈ ఉత్తర్వు ఎక్కడి నుంచి వచ్చిందని పైవాళ్లను నిలదీస్తూ రాశాడు. నల్ల సైనికులు దోపిడీగాళ్లన్న ప్రచారానికి ఇది ఊతమిస్తుందన్నది ఆయన భయం. యుద్ధం అయ్యాక ఆ ఊరి చర్చి తిరిగి కట్టడానికి షా కుటుంబం విరాళం ఇచ్చింది.

ఆ తర్వాత జీతాల గొడవ. చేర్చుకునేటప్పుడు అందరు సిపాయిలకూ ఇచ్చే 13 డాలర్లే నెల జీతమని మాట ఇచ్చారు. తీరా దక్షిణాదికి వెళ్లాక నల్లవాళ్లకు పది డాలర్లేనని, అందులోనూ బట్టల కింద మూడు మినహాయిస్తామని చెప్పారు. చేతికొచ్చేది ఏడు. 54వ పటాలం ఆ జీతం ముట్టనని తేల్చి చెప్పింది. షా వాళ్ల పక్షానే నిలిచి, ఒప్పుకున్న జీతం ఇవ్వండి, లేదంటే వీళ్లను సేవ నుంచి విడిచిపెట్టండి అని గవర్నర్‌కు రాశాడు. తర్వాత మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ తేడా డబ్బు తానే భరిస్తానని ముందుకొచ్చింది. వాళ్లు దాన్నీ కాదన్నారు. డబ్బు సంగతి కాదు, కేంద్ర ప్రభుత్వం తమను తక్కువ మనుషులుగా లెక్కగట్టడం సంగతి. ఇళ్ల దగ్గర పెళ్లాంబిడ్డలు పస్తులుంటున్నారని ఉత్తరాలు వస్తుండగా ఏడాదికి పైగా జీతం లేకుండా పోరాడిన ఆ నిబ్బరాన్ని తలుచుకుంటే, ఏ కోట మీది దాడికీ అది తీసిపోదనిపిస్తుంది. 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెసు దిగివచ్చింది. ఆ ఏడాది శరత్కాలంలో పూర్తి జీతం, పాత బాకీతో సహా, చేతికందింది. అప్పటికి షా చనిపోయి ఏడాది దాటింది.

కత్తి చేరింది ఈ రోజుల్లోనే. మేనత్త భర్త జార్జ్ రసెల్ ఇంగ్లండు నుంచి తెప్పించి పంపాడు. అందమైన ఇంగ్లిషు కత్తి క్షేమంగా అందిందని జూలై మొదట్లో షా ఇంటికి రాశాడు. ఆ కత్తి ఆయన దగ్గర ఉన్నది మూడు వారాల లోపే.

ఇసుక కోట

చార్ల్‌స్టన్ రేవు దక్షిణాదికి గుండెకాయ లాంటిది. పత్తి బయటికి, ఆయుధాలు లోపలికి అక్కడి నుంచే నడిచేవి. అలాంటి రేవులను ఉత్తరాది ఓడలు చుట్టుముట్టడంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. దాంతో వాళ్లు హిందూదేశపు పత్తి వైపు తిరిగారు. బొంబాయి నుంచి మన కోస్తా దాకా పత్తి ధర ఎగబాకిన 1860ల వెనక ఉన్నది ఈ యుద్ధమే. చార్ల్‌స్టన్ రేవు ముఖద్వారంలో మోరిస్ దీవి ఉంది. దాని ఉత్తర భాగాన ఇసుక, మట్టి, తాటి లాంటి పామెటో దుంగలతో కట్టిన కోట వాగ్నర్. ముందు నీటి కందకం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బురద మడుగు. మధ్యలో కొద్దిమంది మాత్రమే పక్కపక్కన నడవగలిగిన ఇసుక పట్టీ.

జూలై 16న జేమ్స్ దీవిలో 54వ పటాలం మొదటిసారి గట్టి పోరు చూసింది. ఆ తర్వాత రెండు రోజులు వానలో, బురదలో నడక. సరైన తిండి, నిద్ర లేవు. 18 సాయంత్రానికి మోరిస్ దీవి చేరగానే, దాడిలో ముందు వరస తీసుకుంటారా అని జనరల్ స్ట్రాంగ్ అడిగాడు. షా సరేనన్నాడు. తన ఉత్తరాలు, కాగితాలు ఒక పాత్రికేయ మిత్రుడికి అప్పగించాడు. దాదాపు ఆరువందలమంది వరసకట్టారు. పగలంతా ఓడల మీది నుంచి, ఒడ్డు మీది నుంచి కోటపై ఫిరంగులు పేలాయి గనుక లోపల ఎవరూ మిగిలి ఉండరని సేనాధిపతుల అంచనా. ఇసుక గుండ్లను మింగేసింది. లోపలి రక్షణగదుల్లో దాక్కున్న దళం దాదాపు మొత్తం క్షేమంగా ఉంది.

షా కాలినడకన, కత్తి దూసి ముందు నడిచాడు. కందకం దాటి గోడ ఎక్కి, వెనకవాళ్లను పిలుస్తూ నేలకొరిగాడు. ఆయన పడ్డాక కూడా మనుషులు గోడ మీద చాలాసేపు పోరాడారు. జెండా మోసేవాడు పడిపోతే సార్జెంట్ విలియం కార్నీ దాన్ని అందుకుని, ఒంటి నిండా గాయాలతో, జెండా నేలకు తగలనీయకుండా వెనక్కి తెచ్చాడు. వర్జీనియాలో బానిసగా పుట్టిన ఆ కార్నీకి ఈ పనికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది 1900లో. ఆ సాయంత్రం పటాలంలో నూటికి నలభైమందికి పైగా చనిపోవడమో గాయపడడమో జాడ తెలియకుండా పోవడమో జరిగింది. కోట ఆ రోజు దక్కలేదు. సెప్టెంబర్‌లో దక్షిణాదివాళ్లు దాన్ని వదిలి వెళ్లిపోయారు.

మర్నాడు వైరిపక్షం షా ఒంటి మీది దుస్తులు తీసేసి, ఆయన సిపాయిలతో కలిపి ఒకే గుంటలో పూడ్చింది. కర్నల్ స్థాయి అధికారి శవాన్ని మర్యాదగా అప్పగించడం అప్పటి రివాజు. నల్లవాళ్లతో కలిపి పూడిస్తే అవమానమవుతుందని వాళ్ల ఉద్దేశం. శవాన్ని తవ్వి తీయించే మాట వచ్చినప్పుడు తండ్రి ఫ్రాన్సిస్ షా ఉత్తరాది జనరల్ గిల్‌మోర్‌కు రాశాడు: మా వాడిని కదిలించవద్దు, తన నమ్మకమైన సిపాయిల మధ్య ఉన్నాడు, అంతకు మించిన చోటు లేదు అని. కొడుకు పోయిన తండ్రి రాసిన ఆ నాలుగు ముక్కలు వైరి తలపెట్టిన అవమానాన్ని గౌరవంగా మార్చేశాయి.

కత్తిని ఎవరో ఎత్తుకుపోయారు. 1865లో యుద్ధం ముగిశాక, నల్లజాతి దళాలను నడిపిన జనరల్ చార్లెస్ జాక్సన్ పెయిన్‌కు అది ఒక దక్షిణాది అధికారి దగ్గర ఉందని తెలిసింది. మనిషిని పంపి తెప్పించి షా తల్లిదండ్రులకు చేర్చాడు. ఆ తర్వాత అది షా చెల్లెలు సుసానా మింటర్న్ కుటుంబానికి వెళ్లి, తరాలు మారి, అటక చేరింది.

పేర్లు ఎక్కడ చెక్కారు?

బోస్టన్ కామన్ అంచున, స్టేట్ హౌస్‌కు ఎదురుగా, శిల్పి ఆగస్టస్ సెయింట్ గాడెన్స్ చేసిన కంచు ఫలకం ఉంది. బోస్టన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఎంతోమంది రోజూ దాని పక్కనుంచే నడుస్తుంటారు. ఒకసారి ఆగి చూడండి. శిల్పి మొదట అనుకున్నది గుర్రం మీద షా ఒక్కడే ఉన్న విగ్రహం. అది తమవాడికి తగదని, వెంట నడిచినవాళ్లు కూడా ఉండాలని షా కుటుంబం పట్టుబట్టింది. శిల్పి నల్లజాతి మనుషులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తలలు మలిచాడు. అందుకే ఏ ముఖమూ మరో ముఖంలా ఉండదు. పద్నాలుగేళ్ల పని అది. 1897 మే 31న ఆవిష్కరించినప్పుడు కార్నీతో పాటు బతికున్న పాత సైనికులు దాని ముందు నడిచారు.

అంతా బాగానే ఉంది గాని, చచ్చిపోయిన తెల్ల అధికారుల పేర్లు మొదటి నుంచే ఆ స్మారకం మీద ఉన్నాయి. చచ్చిపోయిన నల్ల సిపాయిల పేర్లు వెనకవైపు చెక్కింది 1980ల్లో. కత్తి మీది మూడక్షరాలు దాన్ని అటకలో కూడా కాపాడాయి. ఎవరూ పేరు చెక్కించి పెట్టనివాళ్లకు ఆ కాపుదల లేదు.

అధికారి పదవి కథ కూడా ఇదే దారిన నడిచింది. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మద్రాసు దండులో చేరిన తెలుగు సిపాయి ఎన్నేళ్లు కొలిచినా సుబేదారు మేజరు దాటి పైకి పోలేదు. నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల కుర్రవాడికి ఆయనే సలాము కొట్టాలి. రాజు పేరిట అధికార హుకుం భారతీయుల చేతికి రావడం 1917లో మొదలైంది. 54వ పటాలంలో అయితే ఈ గోడను ఒక సార్జెంటు ఆ యుద్ధంలోనే పగలగొట్టాడు. పేరు స్టీఫెన్ స్వెయిల్స్. వాగ్నర్ దాడిలో ఉన్నాడు. 1864 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఒలస్టీ దగ్గర గట్టి గాయం తగిలినా చలించలేదు. గవర్నర్ ఆండ్రూ ఆ మార్చిలోనే ఆయన్ని సెకండ్ లెఫ్టినెంట్‌గా నియమిస్తూ కాగితం పంపితే, ఆఫ్రికా రక్తం ఉన్నవాడని యుద్ధ శాఖ తిప్పికొట్టింది. పటాలం అధికారులు, గవర్నర్ పట్టు వదల్లేదు. 1865 జనవరిలో శాఖ ఒప్పుకుంది. షా 2వ మసాచుసెట్స్‌లో అడుగుపెట్టిన హోదాలోనే స్వెయిల్స్ 54వ మసాచుసెట్స్‌లో నిలబడ్డాడు. యుద్ధం తర్వాత ఆయన వాగ్నర్ ఉన్న ఆ సౌత్ కరోలినాలోనే, కింగ్‌స్ట్రీ పట్టణంలో కాపురం పెట్టి, అక్కడ మేయరుగా, రాష్ట్ర సెనేటరుగా పదేళ్ల పాటు పనిచేశాడు.